8×4 ప్లైవుడ్, 89 అడుగుల వ్యాగన్లు: చుట్టూ తిరిగే దారా, గోడ వెంట షంటింగ్ యార్డా?

డాలస్ నుంచి:
అమెరికా రైళ్లలో కొత్త కార్లను మోసే మూడంతస్తుల ఆటోర్యాక్ వ్యాగన్లంటే నాకు ప్రాణం. వాటి నమూనాలు హెచ్‌ఓ స్కేలులో (బొమ్మ రైళ్ల ఒక కొలత) ఐదు కొన్నాను. 8×4 అడుగుల ప్లైవుడ్ షీటు మీద గుండ్రని దారి వేయాలా, గోడ వెంట 8 అడుగుల బల్ల కట్టి షంటింగ్ యార్డు (వ్యాగన్లను ముందుకూ వెనక్కూ నెట్టి విడదీసి కూర్చే చోటు) వేయాలా? బల్ల ఒక కొస తలుపు పక్కకు వస్తుంది.

హైదరాబాద్ నుంచి:
గుండ్రంగానే వేయండి. రైలన్నాక పరుగెత్తాలి. షీటు మీద 22 అంగుళాల వ్యాసార్ధం పడుతుంది, ఆటోర్యాక్‌లలో చాలా వరకు అందులో తిరుగుతాయి. ముందుకూ వెనక్కూ నెడుతూ కూర్చుంటే నెలలో విసుగు పుడుతుంది.

న్యూజెర్సీ నుంచి:
తిరగడం వేరు, నమ్మకంగా తిరగడం వేరు. వంపు వ్యాసార్ధం వ్యాగన్ పొడవుకు కనీసం మూడింతలు ఉండాలని అనుభవజ్ఞులు చెబుతారు. హెచ్‌ఓ అంటే 1:87, అసలు రైలులో 87వ వంతు. ఆ లెక్కన 89 అడుగుల వ్యాగన్ 31 సెంటీమీటర్లు, అంటే దాదాపు 37 అంగుళాల వంపు కావాలి. 22 అంగుళాల వంపులో వ్యాగన్ నడుము దాదాపు 12 మిల్లీమీటర్లు లోపలికి, మూలలు 10 మిల్లీమీటర్లు బయటికి పొడుచుకు వస్తాయి. నా పాత బల్ల మీద వంపు లోపలి సిగ్నల్ స్తంభాన్ని వ్యాగన్ రాసుకుంటూ పోయేది. స్తంభాన్ని రెండు దారుల మధ్య నుంచి తీసేశాను. మర్నాడు పక్క దారిలో నిలిపిన వ్యాగన్‌కు దీని మూల తగిలి రెండూ పట్టాలు తప్పాయి. వెనక్కి నెట్టేటప్పుడైతే ఇంకా కష్టం.

మీ దగ్గర ఐదు వ్యాగన్లు ఉండటమే మంచిదయింది. బ్రిటన్‌లో అలన్ రైట్ రూపొందించిన ఇంగిల్‌నుక్ అమరికలో మూడు సైడింగులు (వ్యాగన్లు నిలిపే పక్క దారులు) ఉంటాయి. అసలు కొలత 5, 3, 3 వ్యాగన్లు. దాన్ని 3, 2, 2కు కుదించండి. ఐదింటిలో మూడింటిని చీటీలు తీసి, వచ్చిన వరుసలోనే రైలుగా కూర్చాలి. 60 రకాల రైళ్లు వస్తాయి, నెలకు విసుగు రాదు!

స్థలం లెక్క ఇది: కప్లర్లతో (వ్యాగన్లను కలిపే కొక్కేలు) వ్యాగన్‌కు 32 సెంటీమీటర్లు. పెద్ద సైడింగుకు 96. షంటింగ్ కొసలో, అంటే ఇంజను వ్యాగన్లను లాక్కుని వెనక్కి వచ్చే దారి చివర, ఇంజనుకు 21, రెండు వ్యాగన్లకు 64. మొత్తం 181. బల్ల 244. మిగిలిన 63లో రెండు 6వ నంబరు పాయింట్లు (దారి రెండుగా చీలే చోట్లు; నంబరు తగ్గితే వంపు బిగుస్తుంది), వాటి వెనుక వ్యాగన్లు ఒకదానికొకటి తగలకుండా ఉండే దూరం ఇమడవు. చిన్న పాయింట్లకు దిగకండి, వద్దనుకున్న బిగుతు వంపు మళ్లీ అక్కడే ఎదురవుతుంది. దానికి బదులు తలుపు వైపు అడుగు పొడవు పలకను కొక్కేలతో తగిలించి, ఆట ముగిశాక తీసేయండి.

హైదరాబాద్ నుంచి:
ఇంకా చిన్నదైన ఎన్ స్కేలులో (1:160) అయితే వ్యాగన్ 17 సెంటీమీటర్లే కదా? అదే షీటు మీద 20 అంగుళాల వంపు దర్జాగా వస్తుంది.

న్యూజెర్సీ నుంచి:
ఒప్పుకుంటాను. ఇంకా ఏమీ కొనకపోతే నేనూ అదే చెప్పేవాణ్ణి. కొన్న ఐదింటినీ అటక మీద పెట్టమని మాత్రం చెప్పలేను.

డాలస్ నుంచి:
నేల మీద పాత వార్తాపత్రికలు పరిచి, మూడు వ్యాగన్లూ ఇంజనూ పెట్టి చూశాను. ఒక్కో సైడింగు చివర కార్లు దిగే ర్యాంపు గీశాను. అసలు యార్డుల్లో కార్లు చివరి తలుపు గుండా వరుసగా ఇలాగే దిగుతాయి. తలుపు వైపు పలక కోసం కొలత తీసుకున్నాను, 30 సెంటీమీటర్లు.