బారో, లెండ్: రెండూ ‘అప్పే’నా?

ప్రశ్న (అమలాపురం): ‘కెన్ యూ బారో మీ యువర్ సైకిల్’ అని రాస్తే తప్పన్నారండి. ఎందుకంటారు?

జవాబు (రాజోలు): బారో అంటే పుచ్చుకోవడం, లెండ్ అంటే ఇవ్వడం అండి. మన ‘అప్పు’ రెండువైపులా నడుస్తుంది. చివర్న ‘ఇచ్చాడు’, ‘తీసుకున్నాడు’ అనేవి సంగతి తేలుస్తాయి. ఇంగ్లీషులో ఆ తేడా క్రియలోనే ఉంది. కాబట్టి ‘కెన్ ఐ బారో యువర్ సైకిల్’ అనండి, లేదా ‘కెన్ యూ లెండ్ మీ యువర్ సైకిల్’. ఎవరి దగ్గరో చెప్పాలంటే బారోకి ‘ఫ్రమ్’. ‘లెండ్ ఇట్ టు మీ’ సరే గాని, ‘లెండ్ మీ’ అన్నప్పుడు మధ్యలో ‘టు’ రాదు. భూతకాలం ‘లెంట్’. ‘లెండెడ్’ అని చాలామంది రాస్తారు, ఆ మాటే లేదు.

జవాబు (భీమవరం): మనకి నగ తెచ్చుకుంటే ఎరువు, ఆ నగే తిరిగివ్వాలి. గిద్దెడు నూనె తెస్తే బదులు, అంతే కొలిచి పోస్తాం. డబ్బయితే అప్పు. ఇంత చక్కటి తేడా బారోలో లేదు, మూడింటికీ అదొక్కటే. అద్దె కట్టి తెచ్చే వరికోత మిషనుకి మాత్రం బారో పనికిరాదండి, ‘రెంట్’ లేదా ‘హైర్’ అనాలి.

ప్రశ్న (అమలాపురం): ‘లోన్ మీ’ అనొచ్చా?

జవాబు (రాజోలు): అమెరికాలో డబ్బుకీ వస్తువుకీ బాగా వాడతారు. సాయం పట్టమనడానికి మాత్రం ‘లెండ్ ఎ హ్యాండ్’ అనే అనాలండి.