కరెంటు పెట్టించుకున్నాక ఇంప్లాంట్: కొత్త రకం కోసం ఆగాలా?

హన్మకొండ చెల్లె:
అక్కలూ, మా వదినకు 44 ఏళ్లు. పోయినేడు ఎడమ రొమ్ము తీసేశారు. కీమో అయింది, కరెంటు (రేడియేషన్) కూడా పెట్టారు. ఇప్పుడు బాగానే ఉంది. తీసేసిన చోట రొమ్ములా ఉండే సిలికాన్ ఇంప్లాంట్ పెట్టించుకోవచ్చని హైదరాబాద్‌లో సర్జన్ అన్నారు. ఈలోగా మా తమ్ముడు వాట్సాప్‌లో ఏదో పంపాడు. ఒంట్లోనే కరిగిపోయే కొత్త రకం వచ్చిందట, సిలికాన్ పెడితే మళ్లీ క్యాన్సర్ వస్తుందట. అది చూసిన దగ్గర్నుంచి వదిన సరిగ్గా తినట్లేదు. ఆగమంటారా, పెట్టించుకోమంటారా?

జమ్మికుంట కాక:
ప్రాణం దక్కింది కదమ్మా. ఈ వయసులో ఇవన్నీ ఎందుకు?

కాజీపేట నర్సక్క:
కాకా, అది ఆమె అనుకోవాల్సిన మాట, మనం కాదు.

చెల్లే, ఆపరేషన్ థియేటర్‌లో చాలా ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. మీ తమ్ముడు పంపినదాంట్లో రెండు వేర్వేరు సంగతులు కలిసిపోయాయి.

కరిగిపోయేది అబద్ధం కాదు. పాలీకాప్రోలాక్టోన్ అనే పదార్థం, కరిగిపోయే కుట్లలో ఎప్పటినుంచో వాడుతున్నదే. దాంతో త్రీడీ ప్రింటర్ మీద జల్లెడలాంటి గూడు తయారుచేసి లోపల పెడతారు. పొట్ట దగ్గరి కొవ్వు తీసి అందులో నింపుతారు. గూడు కొన్నేళ్లలో కరిగేలోపు సొంత కొవ్వు అల్లుకుంటుందని ఆశ. ఆస్ట్రేలియా లాంటి చోట్ల కొద్దిమంది మీద పరీక్షిస్తున్నారు. మన దగ్గర వెళ్లి అడిగితే పెట్టే వస్తువు కాదు. దానికోసం కూర్చోవద్దు.

క్యాన్సర్ మాట 2019లో పెద్ద వార్తయింది. పైభాగం గరుకుగా ఉండే బయోసెల్ రకాలను అలర్గాన్ కంపెనీ ఆ జులైలో ప్రపంచమంతటా వెనక్కి తీసుకుంది. ఇంప్లాంట్ చుట్టూ ఏర్పడే పొరలో అరుదుగా లింఫోమా అనే ఒక రకం క్యాన్సర్ వస్తున్నట్టు తేలింది. అది పాత రొమ్ము క్యాన్సర్ తిరగబెట్టడం కాదు, వేరే జబ్బు. చాలావరకు గరుకు రకాలతోనే ముడిపడింది. తొందరగా పట్టుకుంటే ఎక్కువమందికి ఇంప్లాంట్‌నూ పొరనూ తీసేస్తే సరిపోతుంది. అందుకే సర్జన్‌ను మొదట అడగాల్సింది, పెట్టేది నునుపుదా గరుకుదా అని.

కానీ నాకైతే అసలు టెన్షన్ పదార్థం గురించి కాదు, కరెంటు గురించి. ఏ ఇంప్లాంట్ పెట్టినా ఒళ్లు దాని చుట్టూ ఒక పొర కట్టుకుంటుంది. కరెంటు తగిలిన చోట ఆ పొర మందమై బిగుసుకునే అవకాశం బాగా ఎక్కువ. రొమ్ము గట్టిపడి పైకి జరుగుతుంది, నొప్పి. పైగా అక్కడి చర్మం సాగదు, రక్తం సరిగ్గా అందదు, గాయం మానడం కష్టం. ఇలాంటివాళ్లకు పొట్ట కిందిభాగం చర్మం, కొవ్వు తెచ్చి కట్టడం, లేదంటే వీపు కండ తిప్పి తేవడం ఉంటుంది. ఆపరేషన్ పెద్దది, కానీ సొంత ఒళ్లు. దాని మాట సర్జన్ ఎత్తారా?

ఇంకోటి. ఇంప్లాంట్‌కు ఆసరాగా ఒక పలుచని పొర వాడుతుంటారు. కణాలన్నీ తీసేసిన చర్మం అది. మనిషి దానం చేసింది కావచ్చు, ఆవుదో పందిదో కావచ్చు. వాటిలో కొన్ని బ్రాండ్లతో ఇబ్బందులు ఎక్కువని 2021లో అమెరికాలో మందులు, వైద్య పరికరాలను చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది. ఏది పెడతారో ముందే అడగండి.

హన్మకొండ చెల్లె:
పంది తోలా! అమ్మకు మాత్రం చెప్పను. నర్సక్కా, పొట్ట నుంచి తెచ్చి కట్టే మాట ఎవరూ ఎత్తలేదు. వదినకు షుగర్ కూడా ఉంది.

కరీంనగర్ అక్క:
నాకు కరెంటు పెట్టలేదు, కాబట్టి నా కథ మీ వదినకు అచ్చంగా సరిపోదు. ముందు ఎక్స్‌పాండర్ అనే ఖాళీ సంచి పెట్టి, కొన్ని వారాలపాటు సూదితో సెలైన్ నింపుతూ చర్మం సాగదీశారు. నింపించుకుని బస్సులో వస్తుంటే రాజీవ్ రహదారి మీద ప్రతి స్పీడ్ బ్రేకరూ తెలిసేది. నాది అయస్కాంతం ఉన్న రకం, అది ఉన్నన్నాళ్లూ ఎంఆర్‌ఐ వద్దన్నారు. తర్వాత సిలికాన్‌ది మార్చారు.

నేను చేసిన తప్పు మీరు చేయకండి. ఇంప్లాంట్ డబ్బాతో స్టిక్కర్లు వస్తాయి, కంపెనీ, మోడల్, సీరియల్ నంబరుతో. నాకు ఆసుపత్రివాళ్లు ఇవ్వలేదు, నేనూ అడగలేదు. 2019లో ఆ వార్త వచ్చినప్పుడు నాది ఏ రకమో తెలియక రెండు వారాలు ఫైలు కోసం తిరిగాను. చివరికి నునుపుదే అని తేలింది. ఆ రెండు వారాలు మాత్రం నిద్ర లేదు.

కాజీపేట నర్సక్క:
స్టిక్కర్‌ను ఫోన్లో ఫొటో తీసి ఇంట్లో ఇద్దరికి పంపి పెట్టుకోండి.

షుగర్ అదుపులోకి రాకుండా తేదీ తీసుకోవద్దు. మూడు నెలల సగటు పరీక్ష చేయించండి. ఇంట్లో ఎవరికైనా బీడీ, సిగరెట్ అలవాటుంటే ఆమె పక్కన తాగనివ్వకండి.

సిలికాన్ జీవితాంతం ఉండేది కాదు, లోపల చిరిగినా పైకి తెలియకపోవచ్చు. పెట్టిన 5, 6 ఏళ్లకు మొదటిసారి, తర్వాత 2, 3 ఏళ్లకోసారి ఎంఆర్‌ఐ గానీ అల్ట్రాసౌండ్ గానీ చూడమని ఎఫ్‌డీఏ సూచన. ఆ ఖర్చు కూడా లెక్కలో వేసుకోండి. ఆరోగ్యశ్రీలో ఏది వస్తుందో, ఏది చేతినుంచి పెట్టాలో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడిగి కాగితం మీద రాయించుకోండి.

తొందరేమీ లేదు. ఏళ్ల తర్వాత కూడా చేయించుకోవచ్చు. అప్పటిదాకా లోదుస్తుల్లో పెట్టుకునే సిలికాన్ ప్యాడ్ దొరుకుతుంది, బరువు సరిపోయేది చూసి తీసుకోండి.

హన్మకొండ చెల్లె:
పదిరోజుల తర్వాత రాస్తున్నాను. రెండో సర్జన్‌కు చూపించాం. కరెంటు తగిలిన చర్మం చేత్తో ఒత్తి చూసి, పొట్ట నుంచి తెచ్చి కట్టడమే మేలన్నారు. ముందు షుగర్ తగ్గించమన్నారు. ఆపరేషన్ అయ్యాక కొన్నాళ్లు వంగడం కష్టమట. వదిన అయితే బతుకమ్మ ఆడి వచ్చాకే తేదీ అంటోంది. తమ్ముడు ఇంకో వీడియో పంపాడు, నేను తెరవలేదు.