రెండు మందులు కలిసిన కంటి చుక్కలు రాశారు, పాత టిమోలాల్ ఆపాలా?

శ్రావణి:
అమ్మకి 67 ఏళ్లు, నీటికాసులు. రాత్రి లాటానోప్రోస్ట్ ఒక చుక్క, పొద్దునా సాయంత్రం టిమోలాల్ 0.5 శాతం, రెండు కళ్లకీ. అయినా కంటి ప్రెషర్ 23, 24 దగ్గరే ఉందని పోయిన నెల డార్జోలమైడ్, టిమోలాల్ కలిసిన సీసా రాశారు. చీటీలో బి.డి. (రోజుకి రెండుసార్లు) అని ఉంది, పాతవాటి సంగతి ఏమీ రాయలేదు. ప్రస్తుతం మూడూ వేస్తున్నాం. సరైనదేనా? కొత్తది వేసిన కాసేపటికి నోరంతా చేదు అంటోంది. 5 మి.లీ. సీసా ఇరవై రోజులకే ఖాళీ.

మందులకొట్టు:
శ్రావణి గారూ, ఇవాళే డాక్టరుకి ఫోన్ చేయండి. పాత టిమోలాల్ ఆపమనే అంటారు. కొత్త సీసాలో డార్జోలమైడ్ 2 శాతంతో పాటు అదే టిమోలాల్ 0.5 శాతం ఉంది. అంటే అమ్మగారికి రోజుకి రెండుసార్లు పడాల్సింది నాలుగుసార్లు పడుతోంది. దానివల్ల ప్రెషర్ ఇంకా తగ్గేదేమీ లేదు, ఒంట్లోకి వెళ్లేది మాత్రం పెరుగుతుంది. నాడి నెమ్మదిస్తుంది, కళ్లు తిరుగుతాయి. ఉబ్బసం ఉన్నవాళ్లకి ఒక్క చుక్కతోనే ఆయాసం రావచ్చు, అందుకే వాళ్లకి టిమోలాల్ అసలు రాయరు.

ఈ పొరపాటు ఎందుకొస్తుందంటే పాతదాని పేరు వేరు, కొత్తదాని పేరు వేరు. పెద్ద అక్షరాల పేరు వదిలేసి రెండు పెట్టెల మీదా కింద ఉన్న చిన్న అక్షరాలు చదవండి. రెండిటి మీదా టిమోలాల్ మాలియేట్ అని కనిపిస్తే అదే తిరకాసు. లాటానోప్రోస్ట్ వేరే జాతి మందు, డాక్టరు ఆపమనేదాకా దాని జోలికి వెళ్లకండి. రాత్రి ఒక్కసారే. ఎక్కువసార్లు వేస్తే పనితనం తగ్గుతుంది.

కంటిపరీక్ష:
చేదు, సీసా అయిపోవడం రెండూ చుక్క వేసే తీరుని బట్టే. కంటి లోపలి మూల నుంచి ముక్కులోకి సన్నని గొట్టం ఉంటుంది. మందు అందులోంచి గొంతుకి దిగితే డార్జోలమైడ్ చేదు తెలుస్తుంది. టిమోలాల్ రక్తంలో కలిసేదీ ఎక్కువగా ఈ దారినే. చేదు వచ్చిందంటే చుక్క వేశాక ఆ మూలని వేలితో సరిగ్గా నొక్కలేదన్నమాట.

పడుకోబెట్టండి, లేదా తల బాగా వెనక్కి వాల్చమనండి. కింది రెప్పని కిందికి లాగితే చిన్న సంచిలా తెరుచుకుంటుంది, ఒకే చుక్క అందులో పడాలి. సీసా మూతి రెప్పకి గానీ వెంట్రుకలకి గానీ తగలకూడదు. తర్వాత కళ్లు మెల్లగా మూయించి, చూపుడువేలి కొనతో ముక్కుపక్క మూల 2 నిమిషాలు నొక్కి ఉంచాలి. గట్టిగా మూసినా, టపటపా ఆర్పినా మందు బయటికి పోతుంది. రెండో చుక్క కంట్లో నిలవదు, చెంప మీదికి కారుతుంది. చాలామంది "పడిందో లేదో" అని ఇంకోటి వేస్తారు, సీసా తొందరగా అయిపోయేది అక్కడే. మి.లీ.కి సుమారు 25 చుక్కలనుకుంటే 5 మి.లీ.లో 125. రోజుకి నాలుగు చొప్పున నెల రావాలి. మీకు 20 రోజులే వస్తోందంటే రోజుకి ఆరు పడుతున్నాయి.

రెండు మందుల మధ్య కనీసం 5 నిమిషాలు, వీలైతే 10. వెంటనే వేస్తే రెండోది మొదటిదాన్ని కడిగేస్తుంది. పొద్దున 7, సాయంత్రం 7 కలిసిన సీసా, 9కి లాటానోప్రోస్ట్ పెట్టుకుంటే గొడవే ఉండదు.

శ్రావణి:
చాలా థాంక్స్ అండీ. ఫోన్ చేశాం, పాతది ఆపేయమన్నారు. అమ్మ బీపీకి మెటోప్రొలాల్ వేసుకుంటుందని కంటి డాక్టరుకి చెప్పలేదు, చెప్పాలా?

మందులకొట్టు:
తప్పకుండా చెప్పండి. మెటోప్రొలాల్, టిమోలాల్ ఒకే కుటుంబం, రెండూ నాడిని నెమ్మదింపజేస్తాయి. నాడి మరీ తక్కువగా ఉంటే టిమోలాల్ లేని జోడీకి మార్చవచ్చు, ఉదాహరణకి బ్రింజోలమైడ్, బ్రిమోనిడిన్. అది వేసే ముందు సీసా బాగా ఊపాలి, మందు అడుగున పేరుకుంటుంది. బ్రిమోనిడిన్‌తో నోరు ఎండడం, మత్తు మామూలే. కొన్ని నెలల తర్వాత కళ్లు ఎర్రబడి దురద పెడితే అలర్జీ కావచ్చు, చూపించుకోవాలి. సల్ఫా మందులు పడవంటే అదీ ముందే చెప్పండి. డార్జోలమైడ్, బ్రింజోలమైడ్ రెండూ ఆ వర్గానివే.

డాలస్ తెలుగు:
అమ్మానాన్నలు ఇక్కడికి, అమెరికాకి వచ్చేవాళ్లుంటే మందుల అసలు పేర్లు చీటీ మీద రాయించుకోండి, ఇండియా బ్రాండు పేరు ఇక్కడ ఫార్మసీలో తెలియదు. ఇక్కడ మూత రంగు చూస్తే జాతి తెలుస్తుంది: టిమోలాల్‌కి పసుపు, టిమోలాల్ కలిసిన జోడీకి ముదురు నీలం. మన దగ్గర కొన్న సీసాల మీద ఆ నమ్మకం పెట్టుకోకండి.

కంటిపరీక్ష:
ఇంకో రెండు మాటలు. తెరిచిన తేదీ సీసా మీద పెన్నుతో రాయండి. 4 వారాలు దాటితే మిగిలినా పారేయాలి (లాటానోప్రోస్ట్‌కైతే 6 వారాలు). లాటానోప్రోస్ట్ తెరవకముందు ఫ్రిజ్‌లోనే ఉండాలి, మన ఎండాకాలంలో తెరిచాక కూడా ఫ్రిజ్ తలుపు అరలో పెట్టడం మేలు, ఫ్రీజర్‌లో వద్దు. చెకప్ రోజు చుక్కలు మానకండి, మానితే ప్రెషర్ ఎక్కువగా కనిపించి అక్కర్లేని మందు ఇంకోటి చేరుతుంది. చివరిగా ఎన్ని గంటలకి వేశారో డాక్టరుకి చెప్పండి.