మనం చేసే ప్రతి సాయం వెనకా స్వార్థమే ఉంటుందా?

తొలకరి
ఒక స్నేహితురాలితో వాదన మొదలై నాలుగు రోజులైంది, ఇంకా తెగలేదు. ఎవరు ఎవరికి సాయం చేసినా అందులో స్వార్థమే ఉంటుందని తన మాట. పేరు కోసం, పుణ్యం కోసం, రేపు మనకూ ఎవరో ఒకరు చేస్తారని. అవేవీ లేకపోతే "నేను మంచిదాన్ని" అన్న తృప్తి కోసం. నాకు ఒప్పుకోబుద్ధి కావడం లేదు, జవాబూ దొరకడం లేదు. మా నాన్న ఆసుపత్రిలో ఉన్నప్పుడు పక్క మంచం దగ్గరుండే పెద్దాయన మూడు రాత్రులు "నువ్వు పడుకో తల్లీ" అని చెప్పి నాన్నను కూడా తనే చూసుకున్నారు. పేరు అడిగేలోపే వాళ్లు డిశ్చార్జ్ అయి వెళ్లిపోయారు. ఆయనకు ఏం ఒరిగింది? మీరేమంటారు?

లెక్కల మనిషి
నేను మీ స్నేహితురాలి వైపే. ఆ పెద్దాయన్ని తక్కువ చేయడానికి కాదు, మనిషి తయారైన తీరు అది. రక్తసంబంధం ఉన్నవాళ్ల కోసం చేసే త్యాగాన్ని 1964లో జీవశాస్త్రవేత్త హామిల్టన్ జన్యువుల లెక్కతో వివరించారు: మన జన్యువుల్లో కొన్ని వాళ్లలోనూ ఉంటాయి కదా. పరాయివాళ్ల సంగతి 1971లో ఇంకో జీవశాస్త్రవేత్త ట్రివర్స్ చెప్పారు: ఇవాళ నీకు నేను, రేపు నాకు నువ్వు. మళ్లీ కనపడని మనిషికి ఎందుకు చేస్తాం అంటారా? ఎదుటివాళ్ల బాధ చూస్తే మనకు దిగులు పుడుతుంది, సాయం చేస్తే అది తగ్గుతుంది. 1987లో మనస్తత్వవేత్త చల్దీని బృందం కొందరికి ఉత్తుత్తి మందు ఇచ్చి, "కాసేపు మీ మనసు ఇప్పుడున్నట్టే ఉంటుంది, మారదు" అని నమ్మించింది. జాలిపడ్డవాళ్లు కూడా అప్పుడు సాయానికి అంతగా ముందుకు రాలేదు. దిగులు పోదని తెలిశాక వెనక్కి తగ్గారంటే, చేసేది ఎవరి కోసం?

నిదానం
దిగులు పోగొట్టుకోవడానికే అయితే అంతకన్నా సులువైన దారి ఉంది కదండీ, లేచి వెళ్లిపోవడం. అమెరికాలోని కాన్సాస్ విశ్వవిద్యాలయంలో మనస్తత్వవేత్త డేనియల్ బాట్సన్ పట్టుకున్నది సరిగ్గా అదే. 1981లో ఆయన బృందం చేసిన ప్రయోగంలో కొంతమంది అమ్మాయిల్ని కూర్చోబెట్టి, ఎలైన్ అనే యువతి కరెంటు షాకులు తింటున్నట్టు చూపించారు (అది నటన, చూసేవాళ్లకు తెలియదు). కొందరికి "రెండు సార్లు చూస్తే చాలు, ఆ తర్వాత వెళ్లిపోవచ్చు" అన్నారు. మిగతావాళ్లకు చివరిదాకా చూడక తప్పదన్నారు. ఆ తర్వాత అడిగారు: ఆమె బదులు మిగతా షాకులు మీరు తీసుకుంటారా?

ఆమె అభిరుచులు వేరని విని, ఎలైన్ తమలాంటిది కాదనుకున్నవాళ్లలో, వెళ్లిపోయే వీలున్నప్పుడు 18 శాతమే సరేనన్నారు. చివరిదాకా చూడాల్సినప్పుడు 64 శాతం. వీళ్ల విషయంలో మీ మాట నిజం, కళ్లముందు నుంచి తప్పుకుంటే చాలు వాళ్లకు. కానీ ఎలైన్ అభిరుచులు తమలాంటివేనని తెలిసి ఆమె మీద జాలి కలిగినవాళ్లలో, తలుపు తెరిచి ఉన్నా 91 శాతం మంది ఆగి, ఆ షాకులు తాము తీసుకుంటామన్నారు. తమ బాధే వాళ్ల బాధైతే వెళ్లిపోయేవాళ్లు. వాళ్లకు కావలసింది ఎలైన్‌కు షాకులు ఆగడం.

లెక్కల మనిషి
మంచి ప్రయోగం, కాదనను. కానీ మీరే అన్నారు, "తమలాంటిది" అని. 1997లో చల్దీని మళ్లీ అక్కడే పట్టుకున్నారు: ఎదుటి మనిషిలో మనల్ని మనం చూసుకుంటే, ఆమెకు చేసేది మనకు చేసుకున్నట్టే కదా?

నిదానం
తనలో కొంత ఎదుటివాళ్లలో కనపడటాన్ని కూడా స్వార్థం అంటే, ఆ మాటకు ఇక అర్థం ఏం మిగులుతుందండీ? సాయం చేశాక సంతోషం వస్తుంది, నిజమే. ఎండలో నడిస్తే నీడ కూడా వస్తుంది. నీడ కోసం నడిచాడని అనం.

రాత్రి షిఫ్టు
మీ ఇద్దరి వాదనా శ్రద్ధగా చదివాను. నాకు మాత్రం ఇంకో సంగతి ముఖ్యంగా అనిపిస్తోంది. ఉద్దేశం మంచిదే అయినా కాలు కదలని సందర్భాలు ఎన్నో. 1973లో డార్లీ అనే మనస్తత్వవేత్త, పైన చెప్పిన బాట్సన్ కలిసి అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో మతబోధకులు కాబోయే 40 మంది విద్యార్థుల్ని ఒక భవనం నుంచి ఇంకో భవనానికి పంపారు. దారిలో ఒక మనిషి మూలుగుతూ పడి ఉన్నాడు. తీరిగ్గా వెళ్తున్నవాళ్లలో 63 శాతం ఆగారు, ఆలస్యమైందని చెప్పి పంపినవాళ్లలో 10 శాతమే. అందులో కొందరు వెళ్తున్నది దారిన పడి ఉన్నవాణ్ని ఆదుకున్న మనిషి కథ మీద మాట్లాడటానికి! వాళ్లను చెడ్డవాళ్లని ఎలా అంటాం? టైమ్ అయిపోతోందన్న టెన్షన్‌లో మనిషి మనిషిలా కనపడడు. నా డ్యూటీలో నాకే ఇది రోజూ అనుభవం.

గట్టున ఉన్నవాణ్ని
ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు, ఇక్కడ చెప్తున్నాను. ఒక ప్రమాదం దగ్గర ముప్పై మందిలో నేనూ నిలబడ్డాను. ఎవరో ఒకరు ఫోన్ చేసే ఉంటారనుకున్నాను. చాలాసేపటికి తెలిసింది, ఎవరూ చేయలేదని. స్వార్థమా అంటే, నాకు పోయేదేమీ లేదు, ఒక్క ఫోన్ కాల్. నేను ఎలాంటి మనిషినో నాకే అర్థం కాలేదు.

రాత్రి షిఫ్టు
మీకు జరిగింది 1968లోనే డార్లీ, లాటనే అనే ఇంకో మనస్తత్వవేత్త కలిసి ఒక ప్రయోగంలో చూపించారు. వేరే గదిలో ఒకరికి మూర్ఛ వచ్చినట్టు వినిపించారు. వింటున్నది తానొక్కడే అనుకున్నవాళ్లలో, అది ఆగేలోపే 85 శాతం లేచి చెప్పారు. ఇంకో నలుగురు వింటున్నారనుకున్నవాళ్లలో 31 శాతమే. లేవనివాళ్లు నిర్దయగా కూర్చోలేదు, చేతులు వణుకుతూ కూర్చున్నారు. మీరూ అలాగే నిలబడి ఉంటారు. ఈసారి అలా జరిగితే, గుంపు మొత్తాన్ని చూసి అరవకండి. ఒక్కరి వైపు వేలు చూపించి "నీలం చొక్కా మీరే, అంబులెన్స్‌కి ఫోన్ చేయండి" అనండి. చేస్తారు.

లెక్కల మనిషి
గట్టున ఉన్నవాణ్ని గారూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. నా లెక్కలో మీరు ఇమడటం లేదు. ఖర్చు లేని సాయం కాబట్టి మీరు చేసి ఉండాలి. చేయలేదు. అటు ఆ పెద్దాయనకు ఖర్చు మూడు రాత్రుల నిద్ర, ఆయన చేశారు. మూలంలో స్వార్థం ఉందన్న మాట ఇంకా వదులుకోలేను, కానీ అది ఒక్కటే ఇవన్నీ మోయలేదని ఒప్పుకుంటున్నాను.

తొలకరి
అందరికీ ధన్యవాదాలు. రాత్రి షిఫ్టు గారి మాటలతో ఒకటి గుర్తొచ్చింది. ఆ వార్డులో మా రెండు మంచాలు చివర, కర్టెన్‌కి అటువైపు ఉండేవి. నేను నిద్రపోతే నాన్నను చూడటానికి అక్కడ ఆయన తప్ప ఇంకెవరూ లేరు. అది ఆయనకు తెలుసు.