పొగాకు పైపు: వెడల్పు బౌల్‌లో (పొగాకు నింపే గిన్నెలో) నాలుక మంట, ఇరుకు బౌల్‌లో అడుగున తడి. తేడా ఆకారానిదేనా?

నిప్పురవ్వ (ప్రశ్న):
ఒకే వర్జీనియా ఫ్లేక్ (అచ్చులో నొక్కి పలకలుగా కోసిన పొగాకు). 18 మి.మీ. వెడల్పు, 45 మి.మీ. లోతున్న బిలియర్డ్ ఆకారపు పైపులో సగం దాకా తియ్యగా నడిచి, అడుగుకొచ్చేసరికి గురగురమంటూ తడిసిపోతోంది. 22 వెడల్పు, 33 లోతున్న పాట్ ఆకారపు పైపులో తడి లేదు గానీ రుచి పలచన, పైగా నాలుక చురుక్కుమంటోంది. రెండూ బ్రయరే (పైపులు చేసే వేరుచెక్క), రెండూ తిన్నని పైపులే. కారణం బౌల్ ఆకారమా, నింపే పద్ధతా? డబ్లిన్ ఆకారం తీసుకుంటే మేలా?

బ్రయర్‌వేరు:
బిలియర్డ్, పాట్, డబ్లిన్ అనేవి పైకి కనిపించే ఆకారాల పేర్లు. రుచిని తేల్చేది లోపల పొగాకు పట్టే గది. బయటి ఆకారం వల్ల వచ్చేది గోడ మందం ఒక్కటే. యాపిల్ అనే ఆకారానికి బుగ్గలు మందం కాబట్టి చేతికి వేడి ఆలస్యంగా తెలుస్తుంది, అంతే.

మీ రెండు బౌల్స్‌లో పట్టే పొగాకు దాదాపు సమానం, లెక్క కడితే 11.5, 12.5 ఘన సెం.మీ. కానీ 18 నుంచి 22కి వెళ్తే నిప్పు పరుచుకునే వైశాల్యం ఒకటిన్నర రెట్లవుతుంది. అంత మేరా నిప్పు నిలవాలంటే గట్టిగా పీల్చాలి. అంచుల్లో ఆరిపోతుంటే ఇంకా గట్టిగా పీలుస్తాం, పొగ వేడెక్కుతుంది. వర్జీనియాలో చక్కెర ఎక్కువ, ఆ వేడికి తీపి మాడిపోయి మంట మిగులుతుంది. లటాకియా (పొగబెట్టి ఆరబెట్టిన ఘాటైన పొగాకు) కలిసిన మిశ్రమాలకు మాత్రం ఆ వెడల్పే బలం: నాలుగైదు రకాల ఆకులు ఒకేసారి అంటుకుని రుచులు కలిసి వస్తాయి. పాట్‌ని వాటికి కేటాయించండి. ఫ్లేక్‌కి 17–19 సరైన కొలత.

పాట్‌లో ఫ్లేకే కాల్చాలనుంటే నలపకుండా మడిచి పెట్టండి, నిదానంగా కాలుతుంది. ట్యాంపర్‌తో (పొగాకును అదిమే పుల్లతో) అంచుల్లోని పొగాకును మధ్యకు జరపాలి, ట్యాంపర్ బరువుకు మించి నొక్కకూడదు.

సన్నసెగ:
తడి సంగతి. లోతైన గదిలో పై నిప్పు నుంచి వచ్చే ఆవిరి, జిడ్డు కింది పొగాకు గుండానే వెళ్లాలి. అది చల్లగా ఉంటుంది కాబట్టి ఆవిరి అక్కడే నీరవుతుంది. అందుకే కింది సగం ఘాటుగానూ, తడిగానూ ఉంటుంది. ఫ్లేక్‌ని విడదీసి అరగంట ఆరబెట్టండి. వేళ్లతో నొక్కి వదిలితే ముద్దగా ఉండిపోకుండా విచ్చుకోవాలి. అడుగు మూడో వంతు నొక్కకుండా రాల్చి వదిలెయ్యండి, పైకొచ్చేకొద్దీ కొంచెం బిగించండి. వెలిగించే ముందు పీల్చి చూస్తే స్ట్రాతో నీళ్లు తాగినంత తేలిగ్గా గాలి రావాలి. గురగురమంటే స్టెమ్ (నోట్లో పెట్టుకునే గొట్టం) ఊడదీయకుండా క్లీనర్ (నూలు చుట్టిన సన్నటి తీగ) లోపలికి పంపి తీయండి. వేడి మీద స్టెమ్ తిప్పితే అతుకు వదులవుతుంది, ఒక్కోసారి విరుగుతుంది.

గాలి రంధ్రం సరిగ్గా అడుగునే తెరుచుకుంటోందా? అదొకటి చూసి చెప్పండి.

మూడోపొర:
డబ్లిన్ గురించి. సాధారణంగా దాని గది కిందికి సన్నబడుతూ వస్తుంది, కొనేముందు కొలిచి చూడాలి. లాభమేమిటంటే తడి పేరుకునే చోటికి వచ్చేసరికి మిగిలే పొగాకే తక్కువ. చిక్కేమిటంటే, అదే వేలి ఒత్తిడికి అడుగున పొగాకు రెట్టింపు బిగుసుకుని గాలి ఆగిపోతుంది. లావు ట్యాంపర్ కిందికి దిగదు కూడా. నింపడం కుదరకుండా గది మార్చడం దండగ అని నా అభిప్రాయం.

కేక్ (గది గోడకు పేరుకునే బొగ్గు పొర) కూడా కొలవండి. 1.5 మి.మీ. పొర రెండు వైపులా ఉంటే మీ 18 గది 15 అయిపోయినట్టే. అంతకంటే పెరిగితే, వేడికి కేక్ వ్యాకోచించి చెక్క పగులుతుంది. రీమర్‌తోనే (కేక్ గీకే పనిముట్టుతోనే) గీకండి. చాకు మొన తగిలితే గుండ్రటి అడుగు గుంటపడుతుంది.

నిప్పురవ్వ:
చూశాను. బిలియర్డ్‌లో రంధ్రం అడుగుకి 3 మి.మీ. పైన ఉంది.

సన్నసెగ:
అయితే సగం తప్పు పైపుదే. రంధ్రం కింద ఉన్న పొగాకులోకి గాలి ఆడదు, కాలదు, తడి పీల్చుకుని కూర్చుంటుంది. మెత్తటి సిగార్ బూడిదలో చుక్కలు చుక్కలుగా నీళ్లు కలిపి చిక్కటి ముద్ద చేయండి. గాలి గొట్టంలో క్లీనర్ దూర్చి ఉంచి, ముద్దను రంధ్రం కింది అంచు వరకే పూసి గుండ్రంగా సర్దండి. రెండు రోజులు ఆరాక క్లీనర్ తీయండి. మొదటి కొన్ని సార్లు సగం బౌలే నింపి, అడుగు దాకా నెమ్మదిగా కాల్చండి. దాని మీద కేక్ పడితే గట్టిపడుతుంది. ఆలోపు రీమర్ అడుగుకి తగలనివ్వకండి.