గర్భసంచి ఆపరేషన్ తర్వాత యూరిన్ లీకు, రిపేరు చేస్తే మళ్లీ మొదలైంది, రెండోసారికి వెళ్లాలా?

లంకపిల్ల:
నమస్తే అండి అందరికీ. మాది రాజోలు సైడు. కార్తీక మాసంలో గర్భసంచి తీసేశారండి, గడ్డలున్నాయి బ్లీడింగ్ ఆగట్లేదు అని. ఇంటికొచ్చి వారం తిరక్కుండానే యూరిన్ దానంతటదే కారిపోవడం మొదలైంది, తుమ్మితేనో దగ్గితేనో కాదు, పడుకున్నా కూర్చున్నా నిలబడ్డా అలా వస్తానే ఉంటది. మొదట నీరసం అన్నారు, తర్వాత ఇన్ఫెక్షన్ అన్నారు, ఆఖరికి వేరే డాక్టరమ్మ గారు చూసి మూత్రసంచికీ కింద కాన్పు దారికీ మధ్య కన్నం పడింది, ఫిస్టులా అంటారు అని చెప్పేరు. కొన్నాళ్లు ఆగి కింద నుంచే రిపేరు చేశారు. యూరిన్ పైపు ఉన్నన్నాళ్లూ పొడిగా ఉన్నానండి, గట్టెక్కేశాం అనుకున్నాం, పైపు తీసిన మర్నాడు పొద్దున్న లేచేసరికి లంగా మొత్తం తడి. ఆ రోజు మా ఇంట్లో ఎవరం అన్నం తినలేదు.

ఇప్పుడు పొట్ట కోసి పైనుంచి చెయ్యాలంటున్నారు. అవుతుందా అండి అంటే ట్రై చేద్దామమ్మా, గ్యారంటీ మాత్రం ఇవ్వలేను అన్నారు. ఆయన నిజమే చెప్పేరు, కాదనను, కానీ ఆ మాట విన్నాక నిద్ర పట్టట్లేదు.

నేను బట్టలు కుడతానండి. మిషన్ దగ్గర కుర్చీ మీద ప్లాస్టిక్ షీటు, దాని మీద పాత కాటన్ చీర మడత, ఒక జాకెట్టు అయ్యేసరికి మడత మార్చాలి. కొలతలివ్వడానికి వచ్చినోళ్లు దగ్గరకొస్తే నేనే వెనక్కి జరుగుతున్నాను. పెళ్లిళ్లూ పేరంటాలూ మానేశాను. నర్సాపురం వెళ్లాలంటే సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కాలి కదా, జనం ఆనుకుని నిలబడతారు, వాసనొస్తుందేమో అని చించినాడ వంతెన మీంచి చుట్టూ తిరిగి ఆటో మాట్లాడుకుని వెళ్తున్నాం. రెండోసారి చేయించుకుని బాగైనవాళ్లు ఉన్నారా అండి? బాగవనివాళ్లు కూడా చెప్పండి, దాచొద్దు.

మందారపూలు:
చెల్లెమ్మా నాకు రెండోసారికే తగ్గింది, కాబట్టి ముందు ఆ మాట చెప్పేస్తున్నాను. పాలకొల్లు మాది. నాకూ మొదట కింద నుంచే చేశారు, నిలవలేదు. తర్వాత పొట్ట మీద నుంచి చేసినప్పుడు కన్నం కుట్టేసి, పేగుల మీద పరదాలాగా ఉండే కొవ్వు పొర ఉంటదంట, దాన్ని కిందకి లాగి మూత్రసంచి కుట్లకీ కింది కుట్లకీ మధ్యలో పెట్టారు, రెండు కుట్లూ ఒకదానికొకటి తగలకుండా, పైగా ఆ పొరలో రక్తం బాగా ఆడుతుంది కాబట్టి పుండు తొందరగా మానుద్దంట. మీ డాక్టరు గారు ఆ పొర పెడతారో లేదో అడుగు.

ఆపరేషన్ కన్నా పైపు ఉన్న రోజులే అసలు పరీక్ష. రెండు మూడు వారాలు ఉంచుతారు. పైపు మడతపడినా మూసుకుపోయినా యూరిన్ లోపల నిండి కొత్త కుట్ల మీద ఒత్తిడి పడుద్ది. మా అమ్మ రాత్రి లేచి లేచి చూసేది, బ్యాగులోకి చుక్కలు పడతన్నాయా లేదా, నేను ఒత్తిగిల్లినప్పుడు తొడ కింద పైపు నలిగిందా అని. బ్యాగు ఎప్పుడూ మంచం కన్నా కిందే ఉండాలి. మధ్యమధ్యలో పొత్తికడుపు పట్టేసినట్టు నొప్పొచ్చి పైపు పక్కనుంచి కూడా కారుద్ది, అది చూసి మళ్లీ ఫెయిలయ్యింది అనుకుని నేను ఏడ్చేశాను, కాదంట, సంచి బిగుసుకోడం అంట, టాబ్లెట్ వేస్తే తగ్గింది. ఇంకోటి, పైపు తీసేముందు మందు ఎక్కించి ఎక్స్‌రే తీస్తారు, ఎక్కడా కారట్లేదని చూశాకే తీస్తారు. నీకు మొదటిసారి ఆ ఎక్స్‌రే తీశారా?

కొత్తపేట కోడలు:
అక్కా ఒక్క మాట. నీకు బాత్రూమ్‌కి వెళ్తే మామూలుగా కూడా వస్తుందా లేక మొత్తం కారిపోవడమేనా? ఎందుకంటే నాకు మూత్రసంచి బాగానే ఉంది, కిడ్నీ నుంచి సంచికి వచ్చే ట్యూబు దెబ్బతింది, అది ఎవరూ చూడలేదు. నేను మామూలుగా వెళ్లేదాన్ని, మళ్లీ కారేది కూడా, అందుకే లేట్‌గా తెలిసింది.

నాకు చేసిన టెస్ట్ ఏంటంటే, లోపల దూది చుట్టలు ఒకదాని కింద ఒకటి మూడు పెట్టారు, పైపులోంచి నీలం మందు కలిపిన నీళ్లు సంచిలోకి పంపించారు, కాసేపు వార్డులో నడవమన్నారు. తీసి చూస్తే పై చుట్ట తడిసింది గానీ నీలం అంటలేదు. నీలం అంటితే సంచిలో కన్నం, తడిసినా నీలం లేదంటే పైన ట్యూబులో తేడా అని డాక్టరు ఆ దూది నా చేతిలో పెట్టి చూపించారు. అప్పుడు సీటీ యూరోగ్రామ్ అని కిడ్నీలూ ట్యూబులూ కనపడే స్కాన్ తీస్తే ఒక పక్క కిడ్నీ అప్పటికే వాచిపోయి ఉంది. ట్యూబుని మళ్లీ సంచికి అతికించారు, ఇప్పుడు బానే ఉన్నాను. కొంతమందికి రెండూ కలిసి ఉంటాయంట, సంచికి కన్నం పడ్డవాళ్లలో పదిమందిలో ఒకరికి ట్యూబు కూడా దెబ్బతిని ఉంటదని చెప్పేరు. ఒకటి కుట్టి రెండోది వదిలేస్తే కారడం ఎలా ఆగుద్ది? ఆ సీటీ లేకుండా మాత్రం రెండోసారి ఒప్పుకోకు.

గోదారి గాలి:
ఇవన్నీ కోతలేనండి, కోసేకొద్దీ పెద్దదవుద్ది. మా దొడ్డమ్మకి ఆకు పసరుతో తగ్గింది, పైన తాగడానికి కింద పట్టీ పెట్టడానికి ఇస్తారు. కావాలంటే అడ్రస్ ఇస్తాను.

నర్సక్క:
గోదారి గాలి గారూ మీరు మంచి మనసుతోనే చెప్పేరు గానీ దయచేసి కింద పసరు పెట్టమని ఎవరికీ చెప్పకండి. ఆ చోటు పుండై ఉంటది, అక్కడ ఇన్ఫెక్షన్ వస్తే మానాల్సిన కండ కూడా చెడిపోద్ది, తర్వాత కుట్టడానికి మంచి కండ దొరకదు. దగ్గినప్పుడు కారేది వేరు, అది ఎక్సర్‌సైజులతో తగ్గొచ్చు, మీ దొడ్డమ్మ గారిది అదేనేమో. ఈ కన్నం దానంతటదే పూడేది చిన్నదై, మొదట్లోనే కనిపెట్టి, కొన్ని వారాలు పైపు పెట్టి సంచిని ఖాళీగా ఉంచినప్పుడు, అది కూడా కొంతమందికే.

నేను యూరాలజీ వార్డులో చాలా ఏళ్లు చేశాను. లంకపిల్ల గారూ, మొదటిసారి చేసినప్పుడు, కన్నం చిన్నది, క్యాన్సరుకి కరెంటు, అంటే రేడియేషన్, పెట్టించుకోనిది అయితే నూటికి తొంభై మందికి దాకా మూసుకుంటది. ప్రతి రిపేరుకీ అక్కడ మచ్చ గట్టిపడి రక్తం ఆడటం తగ్గుతుంది, అందుకని రెండోది మొదటిదానికన్నా కొంచెం కష్టం, మూడోది ఇంకా కష్టం. అందుకే రెండోదాన్ని ఎవరు చేస్తారన్నది చాలా ముఖ్యం, ఊళ్లో గర్భసంచి ఆపరేషన్లు చేసే చోట కాదు, ఈ రిపేర్లు ఎక్కువగా చేసే యూరాలజిస్టు దగ్గరే. కాకినాడ జీజీహెచ్‌లో గానీ వైజాగ్ కేజీహెచ్‌లో గానీ యూరాలజీ ఓపీలో ఒకసారి చూపించుకుని అప్పుడు నిర్ణయం తీసుకోండి. మొదటి రిపేరుకీ దీనికీ మధ్య వాపూ ఎరుపూ తగ్గేదాకా ఆగాలి, మామూలుగా మూడు నెలలు అంటారు. ఆ ఆగడం వృథా కాదు, రక్తం తక్కువుంటే పెంచుకోండి, షుగరుంటే కంట్రోల్ చేసుకోండి.

ఇంకొకటి గట్టిగా చెప్తున్నాను, నీళ్లు తగ్గించకండి. తక్కువ తాగితే తక్కువ కారుద్దని అందరూ అదే చేస్తారు. అప్పుడు యూరిన్ చిక్కబడి వాసన ఎక్కువవుద్ది, తొడలు మండిపోతాయి, లోపల రాళ్లు కూడా కడతాయి. రోజుకి రెండు మూడు లీటర్లు తాగండి. ప్యాడ్ మార్చిన ప్రతిసారీ మామూలు నీళ్లతో కడిగి, మెత్తగా అద్ది, జింక్ ఉన్న క్రీమో వాజిలీనో రాయండి, డెట్టాల్ వద్దు.

మన దగ్గర ముప్పై అయిదు నలభై రాకుండానే తెల్లబట్టకి కూడా గర్భసంచి తీయించేస్తున్నారు, దేశంలోనే ఈ ఆపరేషన్లు ఎక్కువ జరిగే రాష్ట్రాల్లో మనదీ ఒకటి. వెనకటికి లంకల్లో రోజుల తరబడి నొప్పులు పడి, పడవ దొరక్క, బిడ్డ తల అక్కడే ఇరుక్కుని ఈ కన్నాలు పడేవి. ఆఫ్రికాలో ఇప్పటికీ ఎక్కువ అలాగే పడతాయి, కేథరిన్ హామ్లిన్ అనే ఆస్ట్రేలియా డాక్టరమ్మ భర్తతో కలిసి 1974లో ఇథియోపియాలోని అడిస్ అబాబాలో వీళ్ల కోసమే ఒక హాస్పిటల్ పెట్టారు. 2013 నుంచి ఐక్యరాజ్యసమితి మే 23ని ఫిస్టులా దినంగా జరుపుతోంది. మన ఆడవాళ్లకి మాత్రం ఇలాంటి జబ్బొకటి ఉందనీ, దీనికి వైద్యం ఉందనీ తెలీక ఏళ్లకేళ్లు గుడ్డలు పెట్టుకుని మూల కూర్చుంటున్నారు, నాకు దాని మీదే బాధ.

కౌలురైతు:
నేను మగాణ్ణి, రాయొచ్చో లేదో తెలీదు, మా ఆవిడకి ఇదే కాబట్టి రాస్తున్నాను. ముమ్మిడివరం దగ్గర. మా అమ్మ దేవుడి గదిలోకి రావొద్దంది, చుట్టాలు ఇంకా ఏవేవో అన్నారు, నేను గట్టిగా మాట్లాడాల్సి వచ్చింది. డాక్టరు చేతిలో జరిగిన దానికి ఈవిడ అంటు ఏంటండి? పరుపు మీద రెగ్జిన్ వేయించాను, రాత్రి తడిసినవి పొద్దున్నే నేనే బోరు దగ్గర జాడించి ఆరేస్తాను, చూసేవాళ్లు చూడనీ. ఈవిడకి రిపేరు అయ్యాక మూడు నెలలు దూరంగా ఉండాలన్నారు, అది మగాళ్లకి డాక్టర్లే నేరుగా చెప్పాలి, ఆడమనిషి చెప్పుకోలేదు. లంకపిల్ల గారూ ఈసారి డాక్టరు దగ్గరికి మీ ఆయన్ని లోపలికి తీసుకెళ్లండి, బయట కూర్చోబెట్టకండి.

అమ్మకూతురు:
బాగవనివాళ్లు కూడా చెప్పమన్నారు కాబట్టి చెప్తున్నాను అక్కా. మా అమ్మకి గర్భసంచి ముఖద్వారం క్యాన్సరు, కరెంటు పెట్టారు, క్యాన్సరు తగ్గింది, తర్వాత కొన్నేళ్లకి కన్నం పడింది. కరెంటు తగిలిన కండకి రక్తం సరిగ్గా ఆడదు కాబట్టి కుట్టినా పట్టదన్నారు. అయినా ఒకసారి చేశారు, విడిపోయింది. ఇంక అక్కడ కుట్టొద్దు, పేగు ముక్కతో దారి మళ్లించి పొట్ట మీద బ్యాగు పెడదాం అంటున్నారు. అమ్మ ముందు ససేమిరా అంది. బ్యాగున్న ఒకావిణ్ణి వార్డులో కలిపించారు, ఆవిడ చీర కట్టు కొంచెం మార్చి అంతా చూపించింది, తడి లేకుండా ఎలా పడుకుంటుందో చెప్పింది, అప్పట్నించీ అమ్మ ఆలోచిస్తోంది. మీది కరెంటు పెట్టింది కాదు, మా అమ్మని చూసి భయపడకండి. కానీ అవ్వకపోతే తర్వాత ఏం చేస్తారు అన్నది ముందే అడగండి, జవాబు తెలిస్తే భయం కొంచెం తగ్గుద్ది, మాకు తగ్గింది.

లంకపిల్ల:
అందరికీ దణ్ణాలండి. ఒక్కొక్కటీ మా ఆయనకి చదివి వినిపించాను. కొత్తపేట కోడలు గారూ, కూర్చుని వెళ్తే కొంచెం వస్తది, లేస్తే మిగతాదంతా కారిపోద్ది. సీటీ తియ్యలేదు, నీలం మందు టెస్ట్ చేశారు గానీ ఎన్ని చుట్టలు పెట్టారో నాకు తెలీదు. పైపు తీసేముందు ఎక్స్‌రే కూడా తియ్యలేదు అక్కా. మొదట రిపేరు చేసిన చోట కాగితాలు అడిగితే డిశ్చార్జి షీటు ఒక్కటే ఇచ్చి మిగతావి లేవంటున్నారు. గవర్నమెంటు ఆరోగ్య కార్డు మీద ఫ్రీగా అవుతుందా ఇది?

నర్సక్క:
కాగితాలు మీ హక్కు. ఆపరేషన్ నోట్సుతో సహా కేసు షీటు కాపీ కావాలని రాసి ఇవ్వండి, ఇచ్చినట్టు మీ దగ్గరో కాపీ మీద సంతకం తీసుకోండి. అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని మెడికల్ కౌన్సిల్ 2002 రూల్స్‌లో ఉంది. కన్నం ఎక్కడ ఉంది, ఎంత ఉంది, ఏ దారం వాడారు అన్నీ అందులో ఉంటాయి, కొత్త డాక్టరుకి చాలా పనికొస్తాయి. కార్డు సంగతి హాస్పిటల్లో ఆరోగ్యమిత్ర కౌంటర్ ఉంటది, ఆధార్, కార్డు, పాత కాగితాలు పట్టుకెళ్లి ముందు వాళ్లని అడగండి, అడ్మిట్ అయ్యాక కాదు.

మందారపూలు:
ఇంకోటి మర్చిపోయాను. మూసుకున్నాక కూడా నాకు కొన్నాళ్లు ఆగలేనంత తొందర వచ్చేది, బాత్రూమ్ దాకా వెళ్లేలోపు కొంచెం పడిపోయేది. అన్నాళ్లు ఖాళీగా ఉన్న సంచి మళ్లీ పట్టుకోడం నేర్చుకోవాలంట. అది చూసి కంగారు పడకు, టెస్ట్ చేస్తే తెలిసిపోద్ది ఏ కారడమో.

లంకపిల్ల:
సోమవారం కాకినాడ వెళ్తున్నామండి, సీటీ ఉందో లేదో చూసి అప్పుడే మాట్లాడతాం. ఆయన లోపలికి వస్తానన్నారు. పసరు వద్దులెండి గోదారి గాలి గారూ, ఏమనుకోకండి. మందారపూలు అక్కా, పొట్ట కోశాక మిషన్ తొక్కడం ఎప్పటికి కుదిరింది? మాఘమాసం ముహూర్తాలకి జాకెట్లు ఒప్పుకున్నాను, అడ్వాన్సులు కూడా తీసుకున్నాను.

మందారపూలు:
నాకు మూడు నెలలు బరువెత్తొద్దు, తొక్కుడు మిషన్ వద్దు అన్నారు. మాఘానికి కష్టమే. అడ్వాన్సులు తిరిగిచ్చెయ్, లేకపోతే కత్తిరింపు నువ్వు చేసి కుట్టడానికి ఎవరికైనా ఇవ్వు. మోటారు పెట్టించినా కూడా డాక్టరు ఊఁ అన్నాకే కూర్చో. సీటీ రిపోర్టు వచ్చాక ఇక్కడ రాయి చెల్లీ, కొత్తపేట అమ్మాయీ నేనూ చూస్తాం.