టెస్టులు పాసయ్యాయో లేదో ఎవరి మాట నమ్మాలి: లాగ్‌దా, ఎక్స్‌ఎంఎల్‌దా, ఎగ్జిట్ కోడ్‌దా?

బిల్డ్‌బాబు
మా రిపోజిటరీలో పైథాన్, జావా, గో ఉన్నాయి. ఓ మూల ఎవరూ ముట్టుకోని పెర్ల్ కూడా ఉంది. రాత్రి బిల్డు అయ్యాక ఒక స్క్రిప్టు లాగ్ (టెస్టులు నడుస్తున్నప్పుడు తెర మీద పడే రాత) మొత్తం గాలించి, రెజెక్స్‌తో (మాటల నమూనాలు వెతికే పద్ధతి) పాస్‌లు, ఫెయిల్‌లు ఏరి డ్యాష్‌బోర్డు మీద పెడుతుంది. "ఫెయిల్డ్" అన్న మాట ఎక్కడా దొరక్కపోతే పచ్చ. దీన్ని పీకేసి అన్నిటికీ జేయూనిట్ ఎక్స్‌ఎంఎల్ రిపోర్టులు (ఒక్కో టెస్టు ఫలితాన్ని ట్యాగులతో రాసే ఫైళ్లు) పెడదామని నా వాదన. మా లీడ్ గారేమో "లాగ్ వద్దు, ఎక్స్‌ఎంఎల్ వద్దు, ఎగ్జిట్ కోడ్ సున్నా అయితే పాస్, అంతే" అంటారు. ఎగ్జిట్ కోడ్ అంటే ప్రోగ్రామ్ ముగిసేటప్పుడు ఇచ్చే అంకె. సోమవారం మీటింగులో తేల్చాలి. మీరేమంటారు?

కమాండ్‌లైన్_కామేశం
నేను మీ లీడ్ గారి పక్షం. టెస్టులు నడిపిన ప్రోగ్రామ్ కంటే ఫలితం ఇంకెవరికి బాగా తెలుస్తుంది? పైథాన్ టెస్టులు నడిపే పైటెస్ట్ సంగతే చూడండి. 0 అంటే అన్నీ పాస్. 1 అంటే కొన్ని ఫెయిల్. 2 ఎవరో మధ్యలో ఆపారు, 3 పైటెస్ట్ లోపలే ఏదో విరిగింది, 4 కమాండు తప్పుగా ఇచ్చారు, 5 అసలు టెస్టులే దొరకలేదు. ఆ 5 చూశారా? మీ స్క్రిప్టు దానికి పచ్చ వేస్తుంది. ఒక్క టెస్టూ నడవని చోట "ఫెయిల్డ్" ఎక్కణ్ణుంచి దొరుకుతుంది?

తాయారు_క్యూఏ
కామేశం గారూ, ఎగ్జిట్ కోడ్ మంచిదే, మన దాకా వస్తే. లాగ్ ఫైల్లో కూడా ఉండాలని చాలామంది టెస్టు కమాండుని టీ కమాండుకి (వచ్చినదాన్ని తెర మీదా, ఫైల్లోనూ రాసేది) పైపు చేస్తారు, అంటే దీని అవుట్‌పుట్ దానికి అందిస్తారు. కమాండులు నడిపే బాష్‌లో మామూలుగా పైపు చివర ఉన్న కమాండు కోడే మొత్తానికి కోడ్. టీ తన పని తాను చేసుకుని 0 ఇచ్చేస్తుంది. పైపులో ఏది ఫెయిలైనా ఫెయిలే అనే పైప్‌ఫెయిల్ ఆప్షన్ పెట్టకపోతే టెస్టులు తగలబడినా బిల్డు పచ్చగానే ఉంటుంది. జావా బిల్డు టూల్ మావెన్‌లోనూ టెస్టు ఫెయిలైనా పట్టించుకోకుండా ముందుకెళ్లే సెట్టింగు ఒకటుంది. "రిపోర్టు పూర్తిగా రావాలి కదా" అని పెడతారు, తర్వాత తీయడం ఎవరికీ గుర్తుండదు.

గో విషయానికొస్తే, 2021లో 1.16 వెర్షన్ వచ్చేదాకా ఒక టెస్టు లోపల ఎక్కడో ప్రోగ్రామ్ కోడ్ 0తో బయటికెళ్లిపోతే మిగతా టెస్టులు నడవకపోయినా అది పాసే. అలా జరిగితే ఫెయిల్‌గా లెక్కించడం ఆ వెర్షన్‌లోనే మొదలైంది. టెస్టులు నడిపే ప్రోగ్రామే (రన్నర్) మోసపోయిన చోట దాని కోడ్‌ని నమ్మి ఏం లాభం?

గ్రెప్_గోపి
రెజెక్స్ వాడేవాళ్లంతా బద్ధకస్తులన్నట్టు మాట్లాడుతున్నారు గానీ, కొన్ని చోట్ల వేరే దారి ఉండదు. ఎస్‌డబ్ల్యూఈ బెంచ్ పేరు వినే ఉంటారు. గిట్‌హబ్‌లోని నిజమైన ఇష్యూలను ఏఐ మోడళ్లు సరిచేయగలవా అని చూసే పరీక్ష, 2023లో వచ్చింది. 12 పైథాన్ ప్రాజెక్టులు, 2,294 సమస్యలు. ఒక్కో ప్రాజెక్టుకి ఒక్కో రన్నర్, ఒక్కో పాత వెర్షన్. అందుకే వాళ్లు టెస్టు లాగ్‌నే చదివి ఫలితం తేలుస్తారు, ప్రాజెక్టుని బట్టి ఆ చదివే కోడ్, అంటే పార్సర్, మారుతుంది. మన కోడ్ కానిది, మార్చడానికి వీల్లేనిది నడపాల్సి వస్తే లాగే దిక్కు.

తాయారు_క్యూఏ
గోపి గారూ, ఆ పార్సర్లలో జాంగో అనే ప్రాజెక్టుది ఎప్పుడైనా తెరిచి చూశారా? మినహాయింపుల మీద మినహాయింపులు. పైథాన్ యూనిట్‌టెస్ట్ రన్నర్‌ని వివరంగా రాయమంటే (వెర్బోస్) టెస్టు పేరు, మూడు చుక్కలు, పక్కన "ఓకే" వస్తాయి. ఆ టెస్టుకి డాక్‌స్ట్రింగ్ (కోడ్‌లోనే రాసే వివరణ) ఉంటే పేరు ఒక లైన్లో, డాక్‌స్ట్రింగ్ మొదటి వాక్యం కింది లైన్లో, "ఓకే" దాని పక్కన. లైను లైనుగా చదివే రెజెక్స్ ఆ వాక్యాన్నే టెస్టు పేరనుకుంటుంది. ఎవరో మర్యాదగా డాక్‌స్ట్రింగ్ రాసిన పాపానికి టెస్టు పేరు మారిపోయింది! టెస్టు మధ్యలో ఎవరైనా ప్రింట్ పెడితే ఇక ఆ "ఓకే" ఎక్కడ తేలుతుందో దేవుడికే తెలియాలి.

నిజాంపేట్_నోడ్
గిదంతా సరే అన్నా. మా దగ్గర టెస్ట్ ఫెయిలైతే మళ్ల నడిపిస్తరు, మూడోసారి పాసైతే పాసే. గప్పుడు మీ పార్సర్ ఏమంటది?

తాయారు_క్యూఏ
మావెన్‌లో టెస్టులు నడిపే ష్యూర్‌ఫైర్, అలా మళ్లీ నడిపి పాసైనదాన్ని ఎక్స్‌ఎంఎల్‌లో ఫ్లేకీ (ఒకసారి ఫెయిల్, ఒకసారి పాస్) అని విడిగా రాస్తుంది. దాన్ని చదవకుండా పాస్‌లో కలిపేసేది మనమే. గూగుల్ వాళ్లు 2016లో చెప్పిన లెక్క ప్రకారం వాళ్ల టెస్టుల్లో దాదాపు 16 శాతానికి ఎంతో కొంత ఈ జబ్బుంది. కాబట్టి సిగ్గుపడక్కర్లేదు తమ్ముడూ, దాచొద్దంతే.

ఎక్స్‌ఎంఎల్_విరోధి
బిల్డ్‌బాబు గారూ, మీరు వెళ్దామంటున్న చోటు కూడా అంత చల్లగా ఏం లేదు. జేయూనిట్ ఎక్స్‌ఎంఎల్‌కి జేయూనిట్ వాళ్లు రాసిన ప్రమాణం లేదు. యాంట్ అనే బిల్డు టూల్ రిపోర్టు కోసం పుట్టిన రూపాన్ని అందరూ తలా ఒక రకంగా కాపీ కొట్టారు. అసలు గొడవ అది కాదు. ఆ ఫైల్లో ఫెయిలైన టెస్టుకి లోపల ఫెయిల్యూర్ అనో, ఎర్రర్ అనో ట్యాగ్ ఉంటుంది, వదిలేసినదానికి స్కిప్డ్ అని ఉంటుంది. పాసైనదానికి? ఏమీ ఉండదు. ఖాళీగా ఉంటే పాస్. మీ లాగ్ స్క్రిప్టు చేసే తప్పే ఇదీ, కాకపోతే కోణపు బ్రాకెట్లు తొడుక్కుంది.

ఇంకోటి. ప్రాసెస్ మధ్యలో చచ్చిపోతే పైటెస్ట్ ఆ ఫైల్ రాయనే రాయదు, ఎందుకంటే చివర్లో రాస్తుంది. వర్క్‌స్పేస్ (బిల్డు నడిచే ఫోల్డరు) శుభ్రం చేయకపోతే నిన్నటి ఫైల్ అక్కడే కూర్చుని ఉంటుంది. బిల్డులు నడిపే జెంకిన్స్ "రిపోర్టులు దొరికాయి గానీ కొత్తది ఒక్కటీ లేదు" అని గోల పెట్టేది ఇందుకే. మీ సొంత స్క్రిప్టు ఆ గోల పెడుతుందా?

పెర్ల్_పెద్దాయన
ఎవరూ ముట్టుకోని పెర్ల్ అన్నారు కాబట్టి వచ్చాను. పెర్ల్ మొదటి వెర్షన్ 1987లో వచ్చినప్పటి నుంచి ఉన్న పద్ధతి, టాప్ అంటారు. మొదట్లోనే ఒక లైను: 1 నుంచి 40 దాకా టెస్టులున్నాయి అని. ఆ తర్వాత ఒక్కోదానికి ఓకే, నాట్ ఓకే. 37 దగ్గర ప్రోగ్రామ్ పడిపోతే, చదివిన 37 ఓకేలే అయినా మొత్తం ఫెయిల్. చెప్పింది 40, చూపించింది 37 కదా. ప్లాన్ లైను చివర్లో రాసినా ఇదే లెక్క, అసలు ప్లానే కనబడకపోతే నమ్మదు.

మీరంతా ఎందులోంచి చదవాలని కొట్టుకుంటున్నారు. దేంతో పోల్చాలో ఎవరూ అడగట్లేదు. గోపి చెప్పిన ఆ ఏఐ పరీక్షలో కూడా పాసవ్వాల్సిన టెస్టుల జాబితా ముందే రాసిపెట్టుకుంటారు. లాగ్‌లో ఆ పేరు కనబడకపోతే పాస్ కాదు. వాళ్ల రెజెక్స్ ఎంత వికారంగా ఉన్నా నిలబడింది దానివల్లే.

కమాండ్‌లైన్_కామేశం
పెద్దాయన గారితో సగం ఒప్పుకుంటా. జాబితా పెట్టుకుంటే దాన్ని ఎవరు మెయింటెయిన్ చేస్తారు? పైటెస్ట్‌లో పేరామీటర్లతో వచ్చే టెస్టుల పేర్లు ఒక విలువ మార్చగానే మారిపోతాయి. రోజూ బిల్డు ఆగుతుంది. రెండో వారానికి జనం ఆ చెక్‌నే తీసేస్తారు.

పెర్ల్_పెద్దాయన
పేర్లతో వద్దు బాబూ, ఫైలుకి ఎన్ని అని లెక్క పెట్టుకో. మెయిన్ బ్రాంచిలో నిన్న నడిచినదానికంటే తగ్గితే ఆపు, పెరిగితే పోనీ. కావాలని టెస్టు తీసేసినవాడు అదే కమిట్‌లో ఆ అంకె కూడా మారుస్తాడు, రివ్యూలో కనబడుతుంది.

గ్రెప్_గోపి
స్కిప్ చేసినవి ఆ లెక్కలోకి వస్తాయా రావా? వస్తాయంటే మాత్రం మా టీములో సగం టెస్టులు రేపే స్కిప్ అయిపోతాయి 😄

పెర్ల్_పెద్దాయన
రావు.

బిల్డ్‌బాబు
సరే, మీటింగుకి ఇలా వెళ్తున్నా. ఎగ్జిట్ కోడ్ సున్నా కాకపోతే అక్కడే ఆగాలి, పైప్‌ఫెయిల్ తప్పనిసరి. రన్ మొదలయ్యే ముందు పాత రిపోర్టులు చెరిపేయాలి, కొత్తది లేకపోతే ఫెయిల్. గో వాటికి జేసన్ అవుట్‌పుట్ (ప్రోగ్రాములు తేలిగ్గా చదవగలిగే రూపం), మిగతా రెంటికి ఎక్స్‌ఎంఎల్, పెర్ల్‌ని దాని మానాన టాప్‌తో వదిలేస్తాం. వీటన్నిటి పైన ఫైలువారీ లెక్క, స్కిప్‌లు తీసేసి. ఫ్లేకీలకి డ్యాష్‌బోర్డులో పసుపు రంగు అడుగుతా. మా లీడ్ గారు పసుపుకి ఒప్పుకోరు, పచ్చో ఎరుపో ఒకటి చెప్పమంటారు. ఆ ఒక్కదానికి ఎవరి దగ్గరైనా వాదన ఉంటే ఆదివారం రాత్రిలోగా రాయండి.

నిజాంపేట్_నోడ్
ఎరుపే పెట్టమను అన్నా. పసుపు పెడితే ఎవ్వడూ సూడడు.